ఒకే దీవి, ఒకే చెరకు: మారిషస్‌లో బానిసల సంతతి, కూలీల సంతతి

మారిషస్ గురించి తెలుగులో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం ఒకే కథ చెబుతాయి. ఉత్త చేతులతో ఓడెక్కిన మనవాళ్లు రాళ్లు ఏరి చెరకు పండించారు, గుళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు, చివరికి ఆ దేశాన్ని ఏలే జాతుల్లో ఒకరయ్యారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఇవన్నీ నిజాలే, కాదనడానికి లేదు. అయితే ఆ కథలో ఇంకో జనం ఎక్కడా కనిపించరు. మనవాళ్లు ఓడ దిగేనాటికే వందేళ్లకు పైగా ఆ దీవిలో కొరడా కింద పనిచేసి ఉన్న ఆఫ్రికన్, మలగాసీ బానిసలు, వాళ్ల పిల్లల పిల్లలు. వాళ్లనే క్రియోల్‌లు అంటారు.

ఆ దీవికి మూలవాసులంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్లు 1638లో స్థిరపడక ముందు అక్కడ మనిషి కాపురమే లేదు. అంటే అక్కడ ఉన్నవాళ్లందరూ ఓడల మీద వచ్చినవాళ్లే. తెల్ల దొరలూ వచ్చినవాళ్లే, బానిసలూ వచ్చినవాళ్లే, కాంట్రాక్టు కూలీలూ వచ్చినవాళ్లే. ఇందులో బానిసలూ కూలీలూ ఒకే తోటలో, ఒకే చెరకు నరికినవాళ్లు. మరి ఇప్పుడేమో ఒకరి సంతతి ప్రభుత్వ ఉద్యోగాల్లో, మంత్రివర్గంలో, చిన్న చిన్న చెరకు భూముల మీద కనిపిస్తుంది. ఇంకొకరి సంతతి పోర్ట్ లూయీ రేవు పక్క వాడల్లో, సముద్రం ఒడ్డున చేపల పల్లెల్లో, ప్రభుత్వం కట్టిన కాలనీల్లో కనిపిస్తుంది. ఎందుకిట్లా?

దీనికి అక్కడ చాలామంది నోట వినిపించే జవాబు ఒకటుంది. హిందువులు పైసా పైసా కూడబెడతారు, క్రియోల్‌లు వచ్చింది వచ్చినట్టు తాగి ఆడి పాడి ఖర్చు పెట్టేస్తారు అని. ఈ జవాబు మొదటిసారి చదివినప్పుడు నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకంటే ఇది నేను పుట్టినకాడ నుంచీ విన్న మాటే. "వాళ్లకి ఎంతిచ్చినా నిలవదు, తెల్లారితే మళ్లీ మన గుమ్మం ముందే" అని మా ఊళ్లో పల్లె గురించీ గూడెం గురించీ అనేవాళ్లు. భాష మారింది, సముద్రం మారింది, మాట మాత్రం అదే. కాకపోతే అక్కడ ఆ మాట అంటున్నవాళ్లలో మన దేశం నుంచి కూలికి పోయినవాళ్ల మనవలూ ఉన్నారు. వాళ్లలో మాల మాదిగల, చమార్ల, ఆదివాసుల మనవలు కూడా లేకపోలేదు. అందుకే ఈ పోలిక మనం చేయాల్సిన పని అనుకుంటున్నాను.

పోలిక మనకి కొత్తేమీ కాదు. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నల్ల బానిసల విడుదలకు పాటుపడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితం చేశాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాసి, అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగాడు. కాని వాళ్ల పోలికల్లో మనమూ నల్లవాళ్లూ ఒకే వైపు ఉన్నాం. మారిషస్‌లో లెక్క అంత సులువుగా లేదు.

విడుదల, పరిహారం

ఫ్రెంచివాళ్లు 1721 నుంచి ఆ దీవిని స్థావరంగా చేసుకున్నారు. 1723లో బానిసల చట్టం తెచ్చారు. దాని ప్రకారం బానిసకి క్రైస్తవ దీక్ష ఇప్పించాలి, బానిస ఆస్తి అంటూ ఏమీ ఉండకూడదు, బానిస మాట సాక్ష్యంగా చెల్లదు. బానిసే ఒక చరాస్తి. 1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని గెలుచుకున్నారు గాని తెల్ల భూస్వాముల్ని కదిలించలేదు, వాళ్ల భాషనీ చట్టాలనీ వాళ్లకే వదిలేశారు. 1825లో మారిషస్ పంచదారకి ఇంగ్లండులో వెస్టిండీస్ పంచదారతో సమానంగా సుంకం తగ్గించారు. అంతే, అడవి కొట్టేసి చెరకు, మళ్లీ అడవి కొట్టేసి చెరకు.

1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. అప్పటికి బానిసలు దాదాపు 66 వేల మంది. రద్దుతో పాటు పరిహారం కూడా ఇచ్చారు. ఎవరికి? యజమానులకి. దాదాపు 21 లక్షల పౌండ్లు. తరతరాల జీతం ఎగ్గొట్టబడ్డ మనిషికి ఒక్క పెన్నీ లేదు, ఒక్క అడుగు నేల లేదు. పైగా 'అప్రెంటిస్' అని పేరు మార్చి ఆ మనుషుల్నే ఆ దొరల దగ్గరే 1839 మార్చి దాకా చాకిరీ చేయించారు. పనిలో వాళ్లకి నేర్పడానికి ఏం మిగిలిందో ఆ పేరు పెట్టినవాళ్లకే తెలియాలి! ఆ పరిహారం సొమ్ము చేతులు మారుతున్న రోజుల్లోనే, 1838లో, మారిషస్ కమర్షియల్ బ్యాంకు పుట్టింది. ఈ రోజుకీ ఆ దేశంలో పెద్ద బ్యాంకు అదే.

మనకిది వింతగా తోచనక్కరలేదు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దు చేసినప్పుడు జమీందార్లకి పరిహారం కట్టారు. ఆ జమీందారు పొలాల్లో తరాలుగా పాలేరుతనం చేసిన మనిషి పేరు ఆ లెక్కల్లో ఏ పద్దు కిందా రాలేదు.

ఇంకో సంగతి ఉంది, అది తేదీల్లో దాగి ఉంది. బానిసత్వం రద్దు 1835 ఫిబ్రవరిలో. 1834 నవంబరు 2నే 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అయిదేళ్ల కాంట్రాక్టు, నెలకి అయిదు రూపాయలు. వాళ్లు ఛోటా నాగపూర్ కొండల నుంచి వచ్చిన ధాంగర్లు, అంటే ఆదివాసులు. ఈ రోజు భారతీయ సంతతి వాళ్లు గర్వంగా తలుచుకునే ఆ మొదటి ఓడలో దిగినవాళ్లు బ్రాహ్మణులూ కాదు, రాజపుత్రులూ కాదు. సరే, ఆ విషయం తర్వాత. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, బానిస సంకెల ఊడకముందే వాడి స్థానంలోకి ఇంకొకణ్ణి తెచ్చి నిలబెట్టారు.

1839లో చేతులు ఊడి బయటపడ్డ మాజీ బానిసలు చాలామంది తోట వదిలేసి పోయారు. దొరలు దాన్ని సోమరితనం అన్నారు. కొరడా దెబ్బలు తిన్న చోటే మళ్లీ అదే దొర కింద పనికి వంగకపోవడాన్ని ఇంకేమైనా అనొచ్చుగాని సోమరితనం అనడానికి వీల్లేదు. వాళ్లు అడిగిన కూలి ఎక్కువ, అయిదు రూపాయల మనిషి ఓడలో దిగుతూనే ఉన్నాడు. ఇక బేరం ఎక్కడిది?

అయినా వాళ్లు నేల కోసం ప్రయత్నించలేదని కాదు. 1839 తర్వాత కొన్నేళ్ల పాటు తోటల అంచుల్లో చిన్న చిన్న తుండాలు అమ్మకానికి వచ్చాయి. మాజీ బానిసలు వాటిని కొన్నారు, కూరగాయలు వేశారు, పందుల్ని పెంచారు, పట్నానికి అమ్మారు. చరిత్రకారుడు రిచర్డ్ ఆలెన్ నోటరీ దస్తావేజులు తిరగేసి ఈ సంగతి బయటపెట్టాడు. క్రియోల్‌లకి నేల మీద ఆశే లేదన్న మాట ఆ దస్తావేజుల ముందు నిలవదు. కాని చేతిలో పెట్టుబడి లేదు, అప్పు పుట్టదు, చదువు లేదు. 1840లలో వచ్చిన ఆర్థిక మాంద్యానికి, ఆ తర్వాత 1866-68 మలేరియాకి ఆ బతుకు నిలదొక్కుకోలేకపోయింది. చాలా తుండాలు కాగితం సరిగా లేక, వారసత్వం రాయించుకోక, పక్క ఎస్టేటు కంచె జరిగి జరిగి పోయాయి. ఇది మన దగ్గర అసైన్డు భూములకి పట్టిన గతే కదా.

కాంట్రాక్టు కూలి బతుకు

భారతీయ కూలీల బతుకు మెరుగ్గా ఉండేదని నేను అనడం లేదు. 1834 నుంచి 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది అక్కడికి చేరారు. 1832-33 డొక్కల కరువు తర్వాతి ఆంధ్ర తీరం నుంచి, కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం, గోదావరి ఊళ్ల నుంచి పోయినవాళ్లు ఇందులో ఉన్నారు. రాళ్ల కింద బంగారం దొరుకుతుందని చెప్పి ఎక్కించారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరికింది ఏమిటంటే 'డబుల్ కట్'. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. పాలేరుతనం ఎరిగినవాళ్లకి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. నాగా పెట్టిన రోజుకి రెండింతలు వసూలు చేసే ఆసాములు మా వైపూ ఉండేవాళ్లు.

కాంట్రాక్టు ముగిసినా విముక్తి లేదు. 1867 చట్టంతో ముగించుకున్న కూలీలు కూడా ఫోటో అంటించిన చీటీ జేబులో పెట్టుకుని తిరగాలి. చీటీ లేకపోతే దిమ్మరి కింద లెక్క, జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు ఈ పాత కూలీల తరఫున అర్జీ రాశాడు. తొమ్మిది వేల మందికి పైగా సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. దొరలు ఆయన్ని వీధిలో కొట్టారు. కాని ఆ అర్జీకి కదిలి లండన్ 1872లో రాయల్ కమిషన్‌ని పంపింది.

ఇక్కడే తేడా మొదలవుతుంది. కూలీ బతుకు బానిస బతుకుకి దగ్గరగా ఉన్నా, కూలీకి ఒక కాగితం ఉంది. దాని మీద అతని నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కులం రాసి ఉన్నాయి. పేరు తప్పుగా రాశారేమో గాని మొత్తానికి అతని పేరే రాశారు. అతని వెనక ఒక ప్రభుత్వం ఉంది. అది తెల్ల ప్రభుత్వమే కావచ్చు, కాని 1839లో వలస మీద నిషేధం పెట్టగలిగింది, కమిషన్ వేయగలిగింది. మొజాంబిక్ తీరం నుంచి వచ్చిన మనిషి కోసం అడిగే ప్రభుత్వం ఈ భూమి మీద ఎక్కడా లేదు. అతని పేరు ఓడలోనే పోయింది. విడుదల నాటికి చాలామందికి ఉన్నవి దొర పెట్టిన పేర్లు, గుమస్తాకి తోచిన పేర్లు. కొన్నిటిని చూస్తే వెక్కిరింతకి పెట్టినవే అని తెలిసిపోతుంది. అవే ఇంటిపేర్లయి ఇప్పటికీ నడుస్తున్నాయి. మనలో పెంటయ్యలూ చెత్తమ్మలూ ఎట్లా పుట్టుకొచ్చారో తెలిసినవాళ్లకి ఇది అర్థమవుతుంది.

కూలీ తన దేవుణ్ణి తెచ్చుకోగలిగాడు. తోట మూలన కాళమ్మకి రాయి నిలబెట్టుకున్నా దొర పెద్దగా అడ్డు రాలేదు, కొన్ని చోట్ల గుడికి స్థలం కూడా ఇచ్చాడు. దేవుడు నిలిస్తే పండగ నిలుస్తుంది, పండగ ఉంటే పెద్దలు ఉంటారు, పెద్దలుంటే చీటీల పాటలూ చేబదుళ్లూ పెళ్లి సంబంధాలూ నడుస్తాయి. ఆస్తి అనేది పొలం ఒక్కటే కాదు. బానిసత్వం ఈ అల్లికనంతా ముందే తెగ్గొట్టింది.

భూమి ఎవరికి వచ్చింది

ఈ కథలో అసలు మలుపు 1870ల చివర, 1880లలో వచ్చింది. యూరపులో బీటు దుంప పంచదార పెరిగి చెరకు ధర పడిపోయింది. మారిషస్ ఎస్టేట్లు నష్టాల్లో కూరుకుపోయాయి. అంచుల్లో ఉన్న రాతి నేలల్ని, నీటి వసతి లేని నేలల్ని తుండాలు చేసి వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టారు. దీన్నే 'గ్రాండ్ మోర్సెల్మాఁ' అంటారు. అంటే పెద్ద ముక్కలాట అనుకోండి. కొన్నవాళ్లలో ఎక్కువమంది భారతీయులే. 1910 ప్రాంతానికి చెరకు నేలలో దాదాపు మూడో వంతు వాళ్ల సాగులో ఉంది.

ఇది పొదుపు వల్లే వచ్చిందా? పొదుపు లేదనను, ఆడామగా పస్తులుండి కూడబెట్టిన డబ్బు అందులో ఉంది. కాని దొర ఎందుకు అమ్మాడో కూడా చూడాలి. చిన్న తుండం కొన్న కూలీ ఊళ్లోనే ఉంటాడు. తన చెరకు ఆ మిల్లుకే తోలతాడు. కోతల కాలంలో దొర పొలానికీ వస్తాడు. ఓడ ఖర్చు పెట్టి కొత్త కూలీని తెచ్చుకునే పని తప్పుతుంది. పనికిరాని నేల అమ్మి దొర డబ్బూ తీసుకున్నాడు, మనిషినీ కట్టేసుకున్నాడు. ఆ సమయానికి మాజీ బానిసల పిల్లలు చెరకు తోటల్లో లేరు. యాభై ఏళ్ల కిందే వెళ్లిపోయి రేవులో, వడ్రంగంలో, చేపల వేటలో ఉన్నారు. అమ్మకం జరిగింది తోట లోపల, తోటతో లావాదేవీ ఉన్నవాళ్లకి. ఇంత చిన్న విషయం మీద రెండు జాతుల వందేళ్ల తలరాత మారిపోయింది!

ఇంకా లోపలికి పోతే, భారతీయుల్లో కూడా కొన్నది అందరూ కాదు. పెద్దగా కొన్నది సర్దార్లు, అంటే కూలీల మీద మేస్త్రీలు. కూలీల్ని కుదిర్చేది వాళ్లే, హాజరు వేసేది వాళ్లే, తోట దగ్గర కొట్టు నడిపేదీ అప్పిచ్చేదీ చాలా చోట్ల వాళ్లే. కూలీ డబుల్ కట్‌లో పోగొట్టుకున్నది దొర దగ్గర ఆగితే, అప్పులో పోగొట్టుకున్నది సర్దారు దగ్గర ఆగింది. 1937 ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ ఎస్టేటు దగ్గర కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఊబా రకం చెరకుకి మిల్లులు ధర 15 శాతం కోసేస్తే చిన్న రైతులూ కూలీలూ తిరగబడ్డారు. ఆ ఎస్టేటు తెల్లవాళ్లది కాదు, గుజాధర్ కుటుంబానిది. అంటే కూలీ సంతతి తిరగబడ్డ ఆ గేటు వెనక ఉన్నది కూడా భారతీయుడే. 'మనవాళ్లు పైకొచ్చారు' అనే వాక్యం రాసేటప్పుడు ఈ యూనియన్ ఫ్లాక్‌ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ తిరుగుబాటుకి ఏడాది ముందే, 1936లో, లేబర్ పార్టీ పుట్టింది. పెట్టింది డాక్టర్ మారిస్ క్యూరే, భారతీయుడు కాదు. ఆయన పక్కన ఎమాన్యుయెల్ ఆంక్తిల్, పండిట్ సహదేవ్ ఉన్నారు. మిశ్రమ సంతతి డాక్టరూ, క్రియోల్ కార్మిక నాయకుడూ, హిందూ పండితుడూ ఒకే వేదిక మీద చెరకు కూలీలతో మాట్లాడారు. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ కాల్పుల్లో గర్భిణి అంజలై కూపన్‌తో పాటు మరో ముగ్గురు చనిపోయినప్పుడు కూడా కూలీ అనే మాటకే బలం ఉంది, జాతి ఇంకా ముందుకు రాలేదు. ఈ పదిహేను ఇరవై ఏళ్ల కాలం మీద మన పరిశోధన చాలా తక్కువ. నాకు మాత్రం ఆ దీవి చరిత్రలో అన్నిటికన్నా విలువైన కాలం అదే అనిపిస్తుంది.

తర్వాత ఓటు వచ్చింది. 1948లో, దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు అన్నారు. ఆ భాషల్లో తెలుగూ ఉంది, క్రియోలూ ఉంది. భారతీయ ఊళ్లలో బైఠకాలు ఉన్నాయి, బిసూన్‌దయాల్ సోదరుల కార్యకర్తలు రాత్రిళ్లు దీపాలు పెట్టి కూలీలకి అక్షరాలు దిద్దించారు. పన్నెండు వేల లోపున్న ఓటర్లు ఒక్కసారిగా డెబ్బై వేలు దాటారు. తెలుగు అక్షరం ఒక మనిషిని ఓటరుని చేసిన సందర్భం ఇది, మన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా కనిపించదు. క్రియోల్ భాషకి మాత్రం అప్పటికి ఒప్పుకున్న లిపీ వర్ణక్రమమూ లేవు, బడి లేదు, నేర్పే సంఘమూ లేదు. చట్టంలో పేరైతే రాశారు.

1956లో లేబర్ నాయకుడు గీ రోజ్‌మాఁ చనిపోయాక పార్టీ పూర్తిగా శివసాగర్ రామ్‌గులామ్ చేతికి వచ్చింది. 1959 నుంచి వయోజన ఓటు. సంఖ్య ఎక్కువున్న హిందువుల రాజ్యం వస్తుందని క్రియోల్‌లని భయపెట్టడం తెల్ల దొరలకి తేలికైంది. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా 44 శాతం ఓట్లు పడ్డాయి, అందులో క్రియోల్‌ల ఓట్లు చాలా ఉన్నాయి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. చదువుకున్న, తెల్లతోలుకి దగ్గరైన కుటుంబాలు ఆస్ట్రేలియాకి ఓడెక్కాయి. మిగిలింది వాడ. నాయకుల్లేని వాడ.

'మిగిలినవాళ్లు'

మారిషస్ రాజ్యాంగం జనాన్ని నాలుగు సముదాయాలుగా చెబుతుంది. హిందువులు, ముస్లింలు, చైనీయులు, నాలుగోది 'సాధారణ జనాభా'. ఈ నాలుగోదానికి నిర్వచనం ఏమిటో చూడండి: జీవన విధానాన్ని బట్టి పై మూడింటిలో దేనికీ చెందనట్టు కనిపించే వ్యక్తి. అంటే మిగిలినవాళ్లు! నువ్వు ఫలానా అని చెప్పరు, నువ్వు ఫలానా కాదు అని చెబుతారు. చతుర్వర్ణాలకి బయట అని మనల్ని రాసినవాళ్ల వాక్యం కూడా ఇట్లాగే ఉంటుంది.

ఈ 'మిగిలినవాళ్ల'లో ఎవరున్నారు? క్రియోల్‌లున్నారు. వాళ్లతో పాటు పంచదార ఎస్టేట్లూ బ్యాంకులూ హోటళ్లూ చేతిలో ఉన్న తెల్ల ఫ్రెంచి సంతతీ ఉంది. దీవిలో అందరికన్నా ధనవంతుణ్ణీ, అందరికన్నా పేదవాణ్ణీ ఒకే గడిలో వేసి సగటు తీస్తే పేదరికం మాయమైపోతుంది. పైగా 1972 తర్వాత జనగణనలో సముదాయం అడగడమే మానేశారు. జాతి భేదాలు పెరగకూడదని అన్నారు. వినడానికి బాగానే ఉంది. మన దేశంలోనూ 1931 తర్వాత అన్ని కులాల లెక్కలు తీయడం ఆపేసి ఇదే మాట చెప్పారు, 2027 జనగణనలో కులం అడుగుతామని ప్రకటించడానికి 2025 దాకా పట్టింది. లెక్క లేకపోతే అన్యాయం ఉండదు అనుకునేవాళ్లకి ఏ దేశమైనా ఒకటే.

ఒకటి తర్వాత ఒకటి చెబుతాను. 1960లో ఆలిక్స్, కారోల్ తుపాన్లు వచ్చి వేలాది ఇళ్లు కూలిపోయాయి. ఊళ్లో సొంత జాగా ఉన్నవాడు దాని మీదే మళ్లీ ఇల్లు లేపుకున్నాడు. జాగా లేనివాళ్లకి ప్రభుత్వం 'సితే'లు కట్టింది. సితే అంటే కాలనీ, మన పక్కా ఇళ్ల కాలనీ లాంటిది: ఊరికి దూరం, ఇరుకు, పేరు చెబితే ఉద్యోగం ఇచ్చేవాడి మొహం మారిపోతుంది. వాటిలో చేరినవాళ్లలో క్రియోల్‌లు ఎక్కువ. 1980లో పోర్ట్ లూయీలో పంచదారని గుట్టగా యంత్రాలతో ఎత్తే టెర్మినల్ వచ్చింది. అప్పటిదాకా గోతాలు మోసిన రేవు కూలీల పని ఊడిపోయింది. తరాలుగా రేవు మీద బతికిన రోష్ బ్వా లాంటి వాడలకి అదే దెబ్బ.

బడి దగ్గర ఇంకోటి జరిగింది. అప్పట్లో ప్రాథమిక విద్య చివర జరిగే పరీక్షలో వచ్చే ర్యాంకుని బట్టి మంచి హైస్కూళ్లలో సీటు వచ్చేది. భారతీయ సంతతి పిల్లలు హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ, మరాఠీ వంటివి చదువుతారు. ఆ మార్కుల్ని ర్యాంకుకి కలపాలని వాదన వచ్చింది. 1995లో జుగ్నాథ్ ప్రభుత్వం దానికోసం రాజ్యాంగ సవరణ తేబోయి నెగ్గలేక ఎన్నికలకి పోయింది, ప్రధాన ద్వీపంలోని 60 సీట్లూ ఓడిపోయింది. తెలుగు మార్కులు కలపాలనడం మన భాషకి గౌరవమే, నాకూ సంతోషమే. కాని ఆ మార్కుల పక్కన క్రియోల్ పిల్లవాడు ఏ భాష పెట్టుకోవాలి? దీవిలో అందరి ఇళ్లలో మాట్లాడే భాష అతనిదే, అదొక్కటే బడిలో భాష కాదు. క్రియోల్‌ని ఐచ్ఛిక భాషగా బడిలోకి రానిచ్చింది 2012లో.

ఈ బాధనంతా కలిపి 1993లో ఫాదర్ రోజర్ సెర్వో 'మలేజ్ క్రియోల్' అన్నాడు, క్రియోల్‌ల గుండె నలత అనొచ్చు. తను నమ్మిన చర్చిలోనే తనవాళ్లకి వెనక బల్లే అని చెప్పిన పూజారి ఆయన. దళిత క్రైస్తవులున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇది కొత్త కాదు. 1999 ఫిబ్రవరి 21న కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. గంజాయి మీద కేసులు ఎత్తేయాలని జరిగిన సభలో గంజాయి తాగాడని పట్టుకుపోయారు. సెగా, రెగ్గే కలిపి పాడిన మనిషి. రోష్ బ్వా నుంచి దీవంతా అంటుకుంది, రోజుల తరబడి ఆగలేదు. బెర్జే ఆగాత్ అనే ఇంకో గాయకుడు పోలీసు కాల్పుల్లో పోయాడు. కొన్ని చోట్ల పేద హిందువుల ఇళ్లూ కాలిపోయాయి. ఎస్టేటు బంగళాల దాకా ఆ మంట పోలేదు.

ఇక భారతీయ సంతతి లోపలి సంగతి. 'హిందువులు' అని ఒక్క ముద్దగా అన్నాను గాని అక్కడా కులం పోలేదు, పేర్లు మార్చుకుంది. పైన బాబూజీ-మరాజ్, మధ్యలో వైశ్, కింద రాజ్‌పుత్, రవివేద్. ఈ రాజ్‌పుత్ మన దగ్గరి రాజపుత్రుడు కాదు, కిందివాళ్లు పెట్టుకున్న పేరు. రవివేద్ అంటే ఒకప్పుడు చమార్ అని రిజిస్టర్లలో రాయబడ్డవాళ్లు. ఆర్యసమాజంలో చేరినా సమానంగా చూడకపోతే వాళ్లు తమ సభ తాము పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత 2003-05లో పాల్ బెరాంజే అనే తెల్లవాడు తప్ప ప్రధానమంత్రులైనవాళ్లంతా వైశ్‌లే. తెలుగువాళ్లలో కులం జ్ఞాపకం చాలావరకు చెరిగిపోయిందనీ, తాత పేరే ఇంటిపేరయ్యాక గుర్తుపట్టడం కష్టమనీ అంటారు. అది మంచిదే. కాని తోట మేస్త్రీ అయ్యే అవకాశం, తుండం కొనే అవకాశం కులాన్ని బట్టి ఎట్లా పంచుకోబడ్డాయో ఇంకా ఎవరూ సరిగా లెక్కతీయలేదు. మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రిజిస్టర్లున్నాయి. వాటిలోని కులం గడిని నోటరీల భూమి దస్తావేజులతో పక్కపక్కన పెట్టి చూసే పని ఒక జీవితానికి సరిపడా ఉంది.

2009లో ఆ దేశం సత్య న్యాయ కమిషన్ వేసింది. దక్షిణాఫ్రికా నుంచి అలెక్స్ బొరెయిన్‌ని అధ్యక్షుడిగా పిలిచారు. బానిసత్వం, కాంట్రాక్టు కూలీతనం రెండింటినీ కలిపి విచారించమన్నారు. 2011లో నివేదిక వచ్చింది. భూమి పోగొట్టుకున్నామని వందల కుటుంబాలు అర్జీలు పెట్టాయి, క్రియోల్‌లూ పెట్టారు, భారతీయులూ పెట్టారు. ఇరువైపుల అర్జీల్లోనూ అవతల ఉన్న పేరు చాలాసార్లు పంచదార ఎస్టేటుదే. కమిషన్ సిఫారసులు వందల్లో ఉన్నాయి, అమలైనవి కొద్ది. గుర్తులు మాత్రం నిలబెట్టారు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో, పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిబ్రవరి 1, నవంబరు 2 రెండూ సెలవులే.

చివరగా, ఈ వ్యాసంలో నేను మొదటి నుంచీ బానిసలు అంటే ఆఫ్రికన్లు, కూలీలు అంటే భారతీయులు అన్నట్టు రాసుకుంటూ వచ్చాను. అందరూ అట్లాగే రాస్తారు. కాని ఫ్రెంచివాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో బానిసల్ని తెచ్చింది ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచే కాదు. బెంగాల్ నుంచి, మన కోరమండల్ తీరం రేవుల నుంచి కూడా వేల మందిని కొని తెచ్చారు. కరువులో తమని తాము అమ్ముకున్నవాళ్లు, ఎత్తుకుపోయి అమ్మేసినవాళ్లు. అక్కడ వాళ్లకి దీక్ష ఇప్పించారు, పేర్లు మార్చారు, వాళ్ల సంతతి క్రియోల్‌లలో కలిసిపోయింది. 1840లలో అదే తీరం నుంచి కాంట్రాక్టు కాగితంతో పోయినవాళ్ల సంతతి ఇప్పుడు భారతీయులుగా లెక్క. ఇంగ్లీషువాళ్లు విడుదలకి ముందు తయారు చేసిన బానిసల రిజిస్టర్లు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందులో పుట్టిన చోటు చెప్పే గడిలో మొజాంబిక్, మలగాసీ అన్న మాటల మధ్య అక్కడక్కడా 'ఇండియన్' అని ఉంటుంది. దాని ఎదుట దొర పెట్టిన పేరు, వయసు, ఎత్తు, చేసే పని. ఊరు పేరు రాయలేదు, కులమూ రాయలేదు.